కొట్టేసిన గీత కింద దొరికిన నంబరు

2023 కనుమ రోజు మధ్యాహ్నం కోవూరులో మా పాత రైసు మిల్లు షెడ్డు తలుపులు తీశాం. మిల్లు ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. స్థలం అమ్మేద్దామని అనుకున్నాక లోపలి సామాను సంగతి చూడ్డానికి నాయన, హైదరాబాదు నుంచి పండక్కి వచ్చిన తమ్ముడు, నేను వెళ్లాం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిందే, ఆ వరదకి మా షెడ్డులోకి కూడా నీళ్లొచ్చాయి. గోడ మీద ఆ మరక అలాగే ఉంది. మూలన ఊక బస్తాల వెనక తాత కారు. దాని ఎర్ర రంగు మీద కూడా అదే ఎత్తులో మట్టి గీత.

ఆ కారు గురించి మా ఇంట్లో ఒకటే కథ. ఎవరో జమీందారు గారు ఇంగ్లాండు నుంచి ఓడలో తెప్పించుకున్నారు, ఆయన దగ్గర తాత కొన్నాడు. ఊళ్లో అందరికీ అది జమీందారు కారు. రెండే సీట్లు. తలుపులకి బయట పిడి ఉండదు, చెయ్యి లోపలికి పెట్టి తాడు లాగితే తెరుచుకుంటుంది. ఎక్కించి దించే కిటికీ అద్దాలు లేవు. కోతలు అయిపోయాక సాయంత్రాలు తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీద తిప్పేవాడు. 1988 తర్వాత అది రోడ్డెక్కలేదు. అప్పటికి నాకు పదేళ్లు.

తమ్ముడు ఫొటోలు తీసి తనకి తెలిసిన వాళ్లకి పంపాడు. రెండు రోజుల్లో చెన్నై నుంచి పాత కార్లు కొనే ఒకాయన ఫోన్ చేశాడు. ముందు కారు ఎలా ఉందని కాదు, నంబర్లు అడిగాడు. "ఎం.జీ.ఏ. కదా. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు పంపండమ్మా. మ్యాచింగ్ అయితే ఒక రేటు, కాకపోతే సగం." ఎం.జీ.ఏ. అంటే ఇంగ్లాండులో ఎం.జీ. కంపెనీ చేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మ్యాచింగ్ అంటే ఏంటో నాకు తెలీదు. ఫ్యాక్టరీలో ఏ నంబరు కారుకి ఏ నంబరు ఇంజను బిగించారో ఇప్పటికీ అదే ఉంటే మ్యాచింగ్ అంటారట. అమ్మే ముందు ఆ కారు ఎక్కడ పుట్టిందో, మా ఇంటికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలని నాకు అప్పుడే పట్టుకుంది. తమ్ముడికి రేటు కావాలి, నాకు ఆ కథ కావాలి.

ఆర్.సి. పుస్తకం దొరకడానికే వారం పట్టింది. నాయన బీరువాలో పొలం దస్తావేజుల మధ్య ఒక ప్లాస్టిక్ కవరులో ఉంది. అట్ట చెదలు తిన్నా లోపలి పేజీలు బాగున్నాయి. ఎం.ఎస్.తో మొదలయ్యే పాత మద్రాసు నంబరు. తయారైన సంవత్సరం 1957, మద్రాసులో మొదటి రిజిస్ట్రేషన్ 1961 మార్చి. ఓనర్లు ముగ్గురు. మొదటి పేరు ముందు డాక్టర్ అని ఉంది, మద్రాసు అడ్రసు. 1964లో నెల్లూరు మూలాపేట అడ్రసుతో రెండో పేరు. 1968లో తాత. జమీందారు పేరు ఎక్కడా లేదు. నాయనకి చూపించాను. "బినామీ పేర్ల మీద పెట్టుకునేవాళ్లులే" అన్నాడు. ఆయన గొంతులో ఆ నమ్మకం చూశాక నేను ఇంకేం అనలేదు. కానీ నా మనసులో మాత్రం ఒక ప్రశ్న ఉండిపోయింది. 1957లో తయారైన కారు 1961 దాకా ఎక్కడుంది?

ఇంజను నంబరు గడిలో ఒక నంబరు ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ఇంకో నంబరు రాసి, 1976 తేదీతో సీలు వేసి ఉంది. నేను కొత్త నంబరే నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. కొట్టేసిన దాన్ని చదవడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. కొట్టేశారంటే అక్కర్లేదనే కదా అనుకున్నాను. ఆ నిర్లక్ష్యానికి తర్వాత చాలా మథనపడ్డాను.

ఫిబ్రవరి 4న కారుని నెల్లూరుకి తెచ్చాం. చక్రాలు తిరగవు కాబట్టి క్రేను కావాలి. క్రేనుకి, మినీ లారీకి కలిపి రూ.6,500. నాయనకి చిన్నప్పట్నుంచి తెలిసిన మెకానిక్ భాయ్ ఉన్నాడు, డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాం. బానెట్ తెరిచి ఆయన ఒక్క నిమిషం చూశాడు.

"అమ్మా, ఇది అంబాసిడర్ ఇంజను."

నాకు కాళ్లలో శక్తి పోయినట్టయింది. భాయ్ వివరంగా చెప్పాడు. అంబాసిడర్‌లో వచ్చే 1489 సీసీ ఇంజనుకీ, ఈ కారులో ఇంగ్లాండు వాళ్లు పెట్టిన ఇంజనుకీ కుదురు ఒకటే, ఎం.జీ.కి మాతృసంస్థ అయిన బి.ఎం.సి. కంపెనీ వాళ్ల బి సిరీస్. అందుకే చిన్న చిన్న మార్పులతో దీంట్లో కూర్చుంది. కాకపోతే ఈ కారుకి ఫ్యాక్టరీలో రెండు ఎస్.యు. కార్బురేటర్లు (పెట్రోలు, గాలి కలిపే భాగాలు) ఉంటాయి, ఇక్కడ ఒకటే ఉంది. "మీ తాత కావలి నుంచి వస్తా రేడియేటర్‌లో నీళ్లు అయిపోయినా చూసుకోలా. ఇంజను పట్టేసింది. ఆ రోజుల్లో దీని సామాను యాడ దొరుకుతాది? మా ఉస్తాదే అంబాసిడర్‌ది మార్చినాడు. నేనప్పుడు పానాలు అందించే పిల్లోణ్ణి" అన్నాడు. పాత ఇంజను ఏమైందని అడిగాను. కొన్నాళ్లు మిల్లులో పడుండేదని, తర్వాత ఇనుము వాడికి పోయుంటుందని చెప్పాడు.

ఆ రోజే ఇంకో భయం. పుట్టీ ఎక్కడెక్కడ పెట్టారో చూడ్డానికి భాయ్ స్పీకరు అయస్కాంతం పెట్టి చూస్తుంటే మడ్‌గార్డులకి పట్టుకుంది గానీ బానెట్‌కి, తలుపులకి, డిక్కీ మూతకి పట్టుకోలేదు. ఇవన్నీ ఎవరో చేయించిన డూప్లికేట్ రేకులేమో అన్నాడు. వారం రోజులు అదే బెంగ. తర్వాత చదివితే తెలిసింది, ఎం.జీ.ఏ.కి బానెట్, తలుపులు, డిక్కీ మూత అల్యూమినియంతోనే చేశారు. అయస్కాంతం అంటకపోవడమే అవి అసలువని చెప్పే గుర్తు. వరద నీళ్లలో నానినా తలుపులు తుప్పు పట్టకపోవడానికి కారణం కూడా అదే. కాళ్ల కింద ఫ్లోరు మాత్రం ప్లైవుడ్డు, అది పూర్తిగా కుళ్లిపోయి చేతికి పొడి పొడిగా వచ్చింది. సీట్ల వెనక బ్యాటరీలకి రెండు గూళ్లు కనపడ్డాయి. ఆరు వోల్టులవి రెండు కలిపి పన్నెండు చేస్తారట. భాయ్ కూడా ఆ సంగతి మర్చిపోయాడు.

అసలు పని నంబరు ప్లేటుతో మొదలైంది. రోడ్డు మీద కనపడే ప్లేటు కాదు, బానెట్ కింద, ఇంజను వెనక గోడకి స్క్రూలతో బిగించిన చిన్న రేకు. ఛాసిస్ నంబరు, అంటే ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన కారు నంబరు, ఉండేది దాని మీదే. ఫ్రేము మీద ఎక్కడైనా ఉందేమోనని భాయ్, నేను రెండు సార్లు టార్చి వేసి వెతికాం, మాకు కనపడలేదు. అంటే మాకున్న ఆధారం ఆ రేకు ఒక్కటే. దాని మీద ఎర్ర రంగు మందంగా పూసేశారు. భాయ్ దగ్గర పనిచేసే కుర్రాడు ఎమరీ పేపరు తీసుకుని వచ్చేశాడు. నేను గట్టిగా అరిచి ఆపాను. ఆ కుర్రాడు బిక్కచచ్చిపోయాడు పాపం, తర్వాత క్షమించమని అడిగాను.

ఇలాంటి రేకుని రుద్దకండి. అంకెలు లోతుగా ఉండవు, రంగుతో పాటు అవీ పోతాయి. ఫిబ్రవరి 19, ఆదివారం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనే కూర్చుని దూది పుల్లకి కొంచెం థిన్నరు అద్ది, అంగుళం మేర మెత్తబడే దాకా ఆగి, వెదురు పుల్లతో తీశాను. మాగిన రంగు నాలుగు పొరలు వచ్చింది. సాయంత్రానికి అక్షరాలు కనపడ్డాయి. సుద్ద ముక్క పొడి చేసి రేకు మీద రాసి పైపైన తుడిస్తే గుంటల్లో తెల్లగా నిలిచింది. గది చీకటి చేసి, టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి వేసి ఫొటోలు తీశాను. పన్నెండు ఫొటోల్లో మూడు పనికొచ్చాయి.

హెచ్.డి., తర్వాత ఒక అక్షరం, తర్వాత 23, ఒక గీత, ఐదంకెలు. ఆ ఐదంకెలు ఇక్కడ రాయను. మీ కారువి మీరు కూడా ఎక్కడా పెట్టకండి. పాత కార్ల నంబరు తీసుకుని దొంగ రేకులు కొట్టించేవాళ్లు ఉన్నారని చెన్నై ఆయనే హెచ్చరించాడు.

ఆ కాలంలో బి.ఎం.సి. కంపెనీ కారు నంబరులోనే చాలా సంగతులు దాచింది. మొదటి హెచ్ అంటే ఒకటిన్నర లీటరు ఇంజనుతో ఎం.జీ. కారు. డి అంటే రెండు సీట్లది, పైన టాప్ తెరిచేది. మూడో అక్షరం రంగు. ఎ అయితే నలుపు, కె అయితే లేత ఎరుపు, ఆర్ అయితే తెలుపు. తర్వాతి అంకె కారు ఎవరి కోసం తయారైందో చెబుతుంది. 1 అంటే ఇంగ్లాండులోనే అమ్మడానికి, 2 అంటే కుడి చేతి స్టీరింగుతో విదేశాలకి, 3 ఎడమ చేతిది, 4 ఉత్తర అమెరికాకి, 5, 6 విడిభాగాలుగా పంపి అక్కడ బిగించుకునేవి. ఆఖరి 3 రంగు రకం, సెల్యులోజ్. మా కారుది 2. కుడి చేతి స్టీరింగు, విదేశానికి పంపింది. అంటే కథలో సగం నిజమే, ఇంగ్లాండు నుంచి ఓడలోనే వచ్చింది. ఎం.జీ.ఏ.లు మొత్తం లక్షా వెయ్యికి పైగా చేస్తే ఇంగ్లాండులో అమ్ముడుపోయినవి ఆరు వేల లోపే. ఎక్కువ అమెరికాకే పోయాయి. వాటన్నిట్లో కుడి చేతి స్టీరింగుది ఒకటి మా కోవూరు ఊక బస్తాల వెనకకి చేరింది.

మూడో అక్షరమే తేలలేదు. కె లాగా ఉంది, ఆర్ లాగా ఉంది. ఆర్‌కి పైన చుట్టు ఉండాల్సిన చోట రేకు నొక్కుకుపోయింది. ఆర్.సి.లో గుమాస్తా రాత కూడా అలాగే ఉంది, తిప్పి రాసిన కె అనుకోవచ్చు, ఆర్ అనుకోవచ్చు. కారు ఎర్రది కదా, కె అయ్యుంటుందని తమ్ముడు తేల్చేశాడు. నేనూ సరేనన్నాను.

ఈ కార్ల ఫ్యాక్టరీ లెడ్జర్లు ఇంగ్లాండులో వారిక్‌షర్‌లోని గేడన్ అనే ఊళ్లో, బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మన నంబరు ఇస్తే లెడ్జరు చూసి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. మార్చి 3న అప్లై చేశాను. రేకు ఫొటో, ఆర్.సి. స్కాన్ జత చేశాను. డబ్బు కట్టేటప్పుడు కార్డు మూడు సార్లు ఫెయిల్ అయింది. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆఫ్‌లో ఉంటుంది, అది మనమే ఆన్ చేసుకోవాలి. కరెన్సీ చార్జీ, పోస్టు ఖర్చు కలుపుకుని నాకు ఐదున్నర వేలు దాకా పడింది.

మూడు వారాలు ఏమీ రాలేదు. రోజూ పొద్దున లేవగానే మెయిల్ చూసుకోవడమే. మార్చి 24న జవాబు వచ్చింది. మీరు పంపిన ముందు అక్షరాలకీ, ఆ సంఖ్యకీ మా లెడ్జరులో పొంతన కుదరడం లేదు, ఇంకా స్పష్టమైన ఫొటో పంపగలరా అని. నాకు ఏడుపొచ్చింది. ఇంజను మారింది సరే, ఇప్పుడు కారు కూడా దొంగ రేకుదేమో అనిపించింది. రాత్రి నిద్ర పట్టలేదు. నాయనకి చెప్పలేదు.

మర్నాడు మళ్లీ భాయ్ షెడ్డుకి వెళ్లి ఈసారి ఫోన్ కాకుండా పల్చటి బటర్ పేపరు రేకు మీద పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీశాను. రిజిస్ట్రేషన్ పనికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కోసం తీస్తారే, అదే పెన్సిల్ ప్రింటు. అచ్చులో రెండు సంగతులు బయటపడ్డాయి. నేను 7 అనుకున్న అంకె 1. పైన కనపడ్డ అడ్డగీత రేకు మీద గీరుకుపోయిన మరక, పెన్సిల్‌కి అది అంటలేదు. మూడో అక్షరం ఆర్, దాని చుట్టు పల్చగా పూర్తిగా పడింది. మెయిల్‌కి కొత్త ఫొటో, అచ్చు స్కాన్ జతచేసి పంపాను. ఫొటో కన్నా పెన్సిల్ అచ్చే నిజం చెప్పింది. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు అచ్చు తీయండి, నేను పోగొట్టుకున్న మూడు వారాలు మీకు మిగులుతాయి.

ఆర్ అంటే తెలుపు. మరి కారు ఎర్రది. భాయ్‌ని అడిగాను. ఆయన డ్యాష్‌బోర్డు కింద, చెయ్యి పెట్టడానికి కూడా కష్టమైన చోట, గోటితో గీకాడు. ఎరుపు కింద బూడిద రంగు, దాని కింద పాల మీగడ లాంటి తెలుపు. అది చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. సీటు మీది నల్ల రెక్సిన్ తొడుగు అంచు విప్పి చూస్తే లోపల ఎర్ర తోలు, ఎండిపోయి పగుళ్లు. ఈ కారు లోపల ఎరుపు, బయట తెలుపు. మేం ఇన్నాళ్లూ తిరగేసి చూస్తున్నాం.

ఈ మధ్యలో తమ్ముడు రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కుందామని నెల్లూరులో ఒక ఏజెంటుని కలిశాడు. ఫ్రేము మీద నంబరు లేకపోతే ఇన్‌స్పెక్షన్‌లో ఇబ్బంది, రూ.3,000 ఇస్తే మనవాడు ఆర్.సి.లో ఉన్నట్టే పంచ్ కొట్టేస్తాడు అన్నాడట. తమ్ముడు ఒప్పుకుని వచ్చాడు. మా ఇద్దరికీ పెద్ద గొడవ అయింది. నేనన్నది ఒకటే. సొంతంగా నంబరు కొట్టడం నేరం. అది పక్కన పెట్టినా, ఆర్.సి.లో 7నో 1నో ఆ గుమాస్తా రాసింది మనకే తెలీలేదు, తప్పు నంబరు ఇనుము మీద కొట్టేస్తే ఇక ఎవరికి ఏం చెప్పి నమ్మిస్తాం? రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసి "వద్దులే అక్కా" అన్నాడు.

మే 2న మెయిల్‌లో స్కాన్ కాపీ వచ్చింది. అసలు కాగితం పోస్టులో రావడానికి మే 29 అయింది, రోహిణి కార్తె ఎండలో పోస్టుమ్యాన్ తెచ్చిచ్చాడు. స్కాన్ వచ్చిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. తెరవడానికి చేతులాడలేదు. బాత్రూంలోకి వెళ్లి చూశాను.

ఎం.జీ.ఏ. 1500, ఎం.జీ. ఫ్యాక్టరీ ఉన్న అబింగ్డన్‌లో తయారు. పూర్తయింది 1957 జూలై. అదే నెల ఆఖర్లో ఫ్యాక్టరీ నుంచి పంపారు. రంగు ఓల్డ్ ఇంగ్లిష్ వైట్, లోపల ఎరుపు, టాప్ నలుపు. పంపిన చోటు సిలోన్.

సిలోన్. ఇండియా కాదు. ఆ నాలుగేళ్ల ఖాళీకి జవాబు అదే. కారు ముందు లంకకి పోయింది. అక్కణ్ణుంచి ఆ డాక్టరు గారు మద్రాసు వచ్చేటప్పుడు తనతో తెచ్చుకుని 1961లో రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉంటారని నేను అనుకుంటున్నాను. కాగితాలు చెప్పేది ఈ రెండు కొసలే, మధ్యలోది నా ఊహ. జూన్‌లో చెన్నై వెళ్లి ఆ పాత రిజిస్టరు కోసం అడిగి చూశాను. అంత పాతవి లేవన్నారు. రెండు ప్రయాణాలు, రూ.4,000 ఖర్చు, అంతే.

కింద ఇంజను నంబరు ఉంది, 15 జి.బి.తో. పదిహేను అంటే ఒకటిన్నర లీటరు, జి అంటే ఎం.జీ. కారులో ఉన్నది అంబాసిడర్ ఇంజను కాబట్టి కలవదని ముందే తెలుసు. చెన్నై ఆయనకి నిజమే చెప్పాను. మ్యాచింగ్ కాదు అన్నాను. ఆయన ఇంకో మాట అన్నాడు, అది గుచ్చుకుంది. "రేకు ఒక కారుది, బాడీ ఒక కారుది అయ్యుండొచ్చు కదమ్మా. ఇంజను కూడా లేకపోతే ఆ రేకు ఈ కారుదేనని ఏంటి గ్యారంటీ?" నా దగ్గర జవాబు లేదు. తెల్ల రంగు, ఎర్ర తోలు అని చెప్పాను. అవి చాలా కార్లకి ఉంటాయన్నాడు.

ఆ రాత్రి పదకొండు దాటాక గుర్తొచ్చింది, ఆర్.సి.లో కొట్టేసిన గీత. మంచం మీంచి లేచి పుస్తకం తీశాను. ఎర్ర సిరా గీతల కింద నీలం అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. ఆ పేజీ వెనక ఫోన్ టార్చి పెట్టాను. కాగితం గుండా వెలుగు వచ్చేసరికి ఎర్ర సిరా పల్చబడి కింది నీలం నల్లగా తేలింది. 15 జి.బి. తర్వాత ఒక్కో అంకె సర్టిఫికెట్‌లో వేలు పెట్టి చదివాను. ఆఖరి అంకె దాకా కలిసింది. మళ్లీ చదివాను. మళ్లీ కలిసింది. మా ఆయన్ని నిద్ర లేపి చదవమన్నాను, కళ్లజోడు వెతుక్కుని చదివి "అవునే" అన్నాడు.

దీని అర్థం ఏంటో చెబుతాను. 1961లో మద్రాసులో ఎవరో ఇన్‌స్పెక్టర్ ఈ కారు ముందు నిలబడి దాని రేకు మీది నంబరు, ఇంజను మీది నంబరు రెండూ చూసి రాసుకున్నాడు. ఆ రెండూ జంటగా అబింగ్డన్ లెడ్జరులో 1957లో రాసి ఉన్నాయి. ఆర్.సి. రాసినవాడికి లెడ్జరు తెలీదు, లెడ్జరు రాసినవాడికి మద్రాసు తెలీదు. రేకు ఎవరో వేరే కారు నుంచి పీకి పెట్టింది అయితే ఇంజను నంబరు కలిసే దారే లేదు. 1976లో తాత ఇంజను మార్చిన సంగతి దాచకుండా ఆఫీసుకి వెళ్లి పుస్తకంలో రాయించి సీలు వేయించాడు. ఆ రోజుల్లో చాలామంది ఆ పని చేసేవాళ్లు కాదని భాయ్ అన్నాడు. ఆయన రాయించబట్టే, కొట్టేసినా సరే, పాత నంబరు ఆ పేజీలో మిగిలింది.

నాయనకి మర్నాడు పొద్దున కోవూరు వెళ్లి చెప్పాను. ముందు ఇంజను సంగతి, తర్వాత సిలోన్ సంగతి. ఆయన చాలాసేపు కాగితాన్నే చూశాడు. "అయితే జమీందారు లేడా?" అన్నాడు. లేడు నాయనా అన్నాను. నాకు చాలా బాధేసింది. డెబ్బై మూడేళ్ల మనిషి దగ్గర్నుంచి చిన్నప్పటి కథ లాగేసుకున్నట్టు అనిపించింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే మాట ఎత్తాడు. మూలాపేటలో రెండో ఓనరు వకీలు. తాత ఆయన దగ్గరికి పొలం తగాదా పని మీద పోయేవాడు. ఆ వకీలు గారు జమీందారీ కేసులు చూసేవారట. "ఆయన జమీందారు వకీలు. జనం నోట్లో జమీందారు కారు అయింది కాబోలు" అన్నాడు. ఎనిమిది వేలకి కొన్నాడట తాత, ఆ ఏడు మొలగొలుకుల వడ్లు అమ్మిన డబ్బు. ఈ సంగతి నాకు ఇంతకు ముందెప్పుడూ చెప్పలేదు. జమీందారు కథ ఉన్నన్నాళ్లూ ఈ కథ చెప్పే అవసరం ఆయనకి రాలేదు.

చెన్నై ఆయనకి ఆర్.సి. పేజీ ఫొటో పంపితే రేటు పెంచాడు. అప్పటికి మాకు అమ్మే మనసు పోయింది. తమ్ముడే ముందు వద్దన్నాడు.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ పని నడుస్తోంది. 2021 జూలైలో కేంద్రం పాత వాహనాలకి వేరే నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నవాటిని వింటేజ్ కింద నమోదు చేస్తారు. కొత్త నమోదుకి రూ.20,000, మళ్లీ చేయించుకోవడానికి రూ.5,000, పదేళ్లు చెల్లుతుంది. రోజూ రోడ్డు మీద తిప్పడానికి కాదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతులకి తీసుకెళ్లడం లాంటి పనులకే. ఇందులో మాకు టెన్షన్ పెట్టే మాట ఒకటుంది. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. మాది అంబాసిడర్ ఇంజను. కారుని చూసి వింటేజ్ అవునో కాదో తేల్చే కమిటీ ఏమంటుందో తెలీదు. నేను ఏమీ దాచలేదు. 1976 సీలు ఉన్న పేజీ, గేడన్ సర్టిఫికెట్, పెన్సిల్ అచ్చు, భాయ్ రాసిచ్చిన కాగితం అన్నీ వరసగా పెట్టి ఆగస్టు 21న ఇచ్చాను. మా కారు వివరాలు కంప్యూటర్లో లేవు కాబట్టి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలన్నారు, దానికి ఇంకో నాలుగు సార్లు తిరిగాను. ప్రతిసారీ ఒరిజినల్ ఆర్.సి. అడుగుతారు. నేను చూపిస్తాను గానీ చేతి నుంచి వదలను. దాని రంగు జిరాక్సులు ఆరు తీయించి పెట్టుకున్నాను, ఆ పేజీకి మాత్రం వెనక వెలుగు పెట్టి తీసిన ఫొటో కూడా ప్రింటు వేయించాను.

ఇప్పటిదాకా క్రేను, భాయ్ కూలి, సర్టిఫికెట్, చెన్నై ప్రయాణాలు, నోటరీ, ఫీజు అన్నీ కలిపి రూ.58,000 దాటింది. ఫ్లోరు ప్లైవుడ్డు ఇంకా వెయ్యలేదు.

నాయన వారానికి ఒకసారి నెల్లూరు వచ్చి భాయ్ షెడ్డులో కారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. పోయిన వారం పెయింటు షాపుకి వెళ్లి, పాల మీగడ తెలుపు కలిపిస్తారా అని అడిగి వచ్చాడట. డ్యాష్‌బోర్డు కింద గీకిన చోటు చూపించడానికి షాపు కుర్రాణ్ణి షెడ్డుకి పిలుచుకొచ్చాడు కూడా. కమిటీ వాళ్లు చూసి వెళ్లేదాకా ఒక్క చుక్క రంగు పడకూడదని ఇద్దరికీ చెప్పాను. ఇన్‌స్పెక్షన్ తేదీ ఇంకా రాలేదు.